మట్టిని నిలబెట్టడానికి వేసిన మొక్క: మన కోరాపుట్ కాఫీ చరిత్ర



ఈమధ్య మన సమావేశాల్లో కాఫీ మాట రాని రోజు లేదు. బెంగళూరు, హైదరాబాద్ నుంచి పండగకు వచ్చే పిల్లలు తెచ్చే కాఫీ పొట్లాల మీద "సింగిల్ ఎస్టేట్" అని పెద్ద అక్షరాలతో ఉంటోంది. ధర చూస్తే మనం జయపురం బజార్లో కొనే పొడికి మూడింతలు. అదేమిటి అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. మన కోరాపుట్ కాఫీని కూడా అలా అనవచ్చా అని కుర్రవాళ్లు అడుగుతున్నారు. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, అలా పేరు పెట్టి అమ్మితే మనకేమైనా గిట్టుతుందా అని కూడా అడిగారు. మూడు ప్రశ్నలకూ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం. కొంచెం పొడవే. తీరిగ్గా చదవండి.

ముందు సూటి జవాబు చెప్పేస్తాం. ఒకే తోటలో పండిన గింజ, మరో తోట గింజతో ఎక్కడా కలవకుండా, కోత నుంచి వేపుడు దాకా విడిగా వచ్చి మన గ్లాసులో పడితే అది సింగిల్ ఎస్టేట్ కాఫీ. ఇందులో రుచి సంగతి కొంతే. అసలు సంగతి ఆనవాలు. ఈ గింజ ఏ కొండది, ఎవరు కోశారు, ఎవరికి ఎంత ముట్టింది అని అడిగితే చెప్పగలగాలి. ఆ ఆనవాలు మన కొండల్లో ఎందుకు పోయింది, ఇప్పుడు ఎలా దొరుకుతుంది అన్నదే మన కాఫీ చరిత్ర.

మనం విశాఖపట్నం జిల్లాలో ఉన్నప్పుడు

ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా కోరాపుట్ అన్న జిల్లాయే లేదు. జయపురం సంస్థానమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుచేత మన తాత ముత్తాతలు సాలూరు ఘాటీ ఎక్కి పైకి వచ్చినప్పుడు పరాయి రాష్ట్రానికి రాలేదు. తమ జిల్లాలోనే కింద నుంచి పైకి వచ్చారు. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు పైకి తెచ్చారు. చింతపండు, పసుపు, వలిసెలు, పిప్పళ్లు కిందికి తీసుకువెళ్లారు. సరిహద్దు గీత తర్వాత వచ్చింది. మనం వెళ్లలేదు, గీతే మన ఇళ్ల అవతల నుంచి పోయింది.

జయపురం రాజుల పాత రాజధాని నందపురం. అక్కడి ముప్ఫైరెండు మెట్ల సింహాసనం మనలో చాలామంది చూసే ఉంటారు. పదిహేడో శతాబ్దంలో రాజధాని జయపురానికి మారింది. కాఫీ కథ మాత్రం మళ్లీ ఆ నందపురం కొండల వైపే వెళుతుంది. ఈ రోజుకీ జిల్లాలో కాఫీ అంటే గుర్తొచ్చే పేర్లలో నందపురం, లమతాపుట్, పొట్టంగి, సెమిలిగుడ, దశమంతపూర్ ముందుంటాయి.

మన దేశానికి కాఫీ ఎలా వచ్చిందో అందరూ విన్న కథే. పదిహేడో శతాబ్దంలో హజ్ యాత్రకు వెళ్లిన బాబా బుడన్ అనే సూఫీ, యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఆ కొండలకే ఆయన పేరు నిలిచిపోయింది. తూర్పు కనుమలకు కాఫీ ఆలస్యంగా వచ్చింది. 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రోడీ అనే ఆంగ్లేయుడు నాటించినదే ఈ వైపు తొలి తోటగా చెబుతారు. తర్వాత అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది.

మన కొండల్లో కాఫీ నాటించిన ఘనత జయపురం మహారాజు రామచంద్ర దేవ్ గారిది. సంవత్సరం 1930. ఆ మరుసటి ఏడే, 1931లో, విక్రమ దేవ వర్మ గారు గద్దెనెక్కారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మహారాజు ఆయనే. విశాఖలోని ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం చెప్పిన ప్రభువు. ఆయన సంగతి మన సంఘంలో ఏటా తలచుకుంటాం. ఆయనకు ముందున్న రాజు ఈ కొండలకు కాఫీ మొక్క ఇచ్చి వెళ్లాడన్న సంగతి కూడా దానితోపాటు చెప్పుకోవాలి.

అయితే రాజుగారి కాఫీ ఒక వేడుకలా కొద్దిచోట్లే ఉండిపోయింది. దాన్ని కొండల మీద పరిచింది రాజు కాదు. ఒక డ్యాం.

డ్యాం కోసం కాఫీ

మాచ్‌ఖండ్ నది మన వైపు కొండల్లో పారి, డుడుమ దగ్గర లోయలోకి దూకి, కిందికి వెళ్లాక సీలేరు అనిపించుకుంటుంది. ఆ నీటితో కరెంటు తీయాలని మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు కలిసి తలపెట్టాయి. జలాపుట్ దగ్గర నీటిని నిలిపారు. 1955లో ఉత్పత్తి మొదలైంది. ప్రాజెక్టు రెండు రాష్ట్రాల ఉమ్మడి సొత్తు. నడిపే బాధ్యత ఆంధ్ర విద్యుత్ సంస్థది. అందుకే మాచ్‌ఖండ్ క్యాంపులో అంతమంది తెలుగు కుటుంబాలు. మన సభ్యుల్లో కనీసం నాలుగు ఇళ్ల పెద్దలు ఆ క్యాంపు క్వార్టర్లలోనే పుట్టి పెరిగారు.

ఆ వెలుగుకు ఖరీదు చెల్లించినవాళ్లు వేరు. నీట మునిగిన ఊళ్లలో ఎక్కువ భాగం గిరిజనులవి. వేల కుటుంబాలు లేచిపోయాయి. చాలామందికి మారుభూమి సరిగా దక్కలేదు. లోయలో మెత్తని పొలం పోయినవాళ్లు ఏం చేస్తారు? కొండ ఎక్కుతారు. పోడు కొడతారు.

పోడును తిట్టడం మనవాళ్లకు అలవాటు. కాని న్యాయంగా చెప్పాలంటే, ఒకచోట రెండు మూడేళ్లు చోళ్లు, సామలు పండించి, ఆ తర్వాత పది పదిహేనేళ్లు దాన్ని అడవికి వదిలేసే పాత పద్ధతిలో కొండకు పెద్ద నష్టం లేదు. అడవి మళ్లీ లేచి మట్టిని పట్టుకునేది. భూమి తగ్గి, మనుషులు పెరిగి, ఆ విరామం నాలుగైదేళ్లకు కుదించుకుపోయినప్పుడే కొండ బోడి అయింది. మన దగ్గర ఏటా పదిహేను వందల మిల్లీమీటర్ల వాన దాదాపు నాలుగు నెలల్లో కురుస్తుంది. బోడి కొండ మీద ఆ వాన పడితే ఎర్రమట్టి గెడ్డల్లోకి, గెడ్డల నుంచి నదిలోకి, నది నుంచి జలాశయంలోకి వెళుతుంది. జలాశయంలో మట్టి నిండితే నీళ్లకు చోటుండదు. నీళ్లు లేకపోతే కరెంటు ఉండదు.

అందుకే 1958లో ఒడిశా ప్రభుత్వ భూసంరక్షణ శాఖ మాచ్‌ఖండ్ పరీవాహక ప్రాంతంలో కాఫీ తోటలు వేయడం మొదలుపెట్టింది. ఈ మాట నిదానంగా చదవండి. వ్యవసాయ శాఖ కాదు, వాణిజ్య శాఖ కాదు, భూసంరక్షణ శాఖ. కాఫీ తాగడానికో, అమ్మడానికో కాదు. మట్టి జారకుండా ఆపడానికి. దేశంలో మిగతా కాఫీ సీమల్లో తోటదారులు కాఫీ కోసం కొండను చదును చేశారు. మన దగ్గర కొండను కాపాడడానికి కాఫీ వేశారు. మన కాఫీకి ఏదైనా ప్రత్యేకత ఉందంటే ముందు అది ఇదే.

కాఫీయే ఎందుకు? అరబికా మొక్కకు నీడ కావాలి. కాబట్టి కాఫీ వేయాలంటే ముందు పెద్ద చెట్లు ఉండాలి, లేకపోతే నాటాలి. పెద్ద చెట్టు ఆకులు వాన చినుకు దెబ్బను పైనే తీసుకుంటాయి. రాలిన ఆకు నేలమీద దుప్పటిలా పరుచుకుని నీటిని నెమ్మదిగా ఇంకనిస్తుంది. కింద కాఫీ పొద రెండో గొడుగు. కొండ వాలుకు అడ్డంగా వరసలు వేసి, మధ్య మధ్య గుంటలు తవ్వితే పారే నీరు అక్కడ ఆగుతుంది. ఒకసారి నాటితే దశాబ్దాలపాటు దున్నే పని లేదు. దున్నకపోతే మట్టి కదలదు. పైగా మూడు నాలుగేళ్లకు కాపు వస్తుంది కాబట్టి, కొండ మీద బతికే మనిషికి చెట్టును కొట్టకుండా ఉండడానికి ఒక కారణం దొరుకుతుంది. ఈ చివరి మాటే అన్నింటికన్నా ముఖ్యం. ఆ కారణం డబ్బు రూపంలో ఇంటికి చేరకపోతే చెట్టు నిలవదు.

పేరు ఎక్కడ పోయింది

మరి 1930 నుంచీ, పోనీ 1958 నుంచీ ఉన్న కాఫీకి మొన్నటిదాకా పేరెందుకు లేదు?

ఒక కారణం దేశమంతటికీ చెందింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా మార్కెట్లు మూతపడి తోటదారులు దివాలా తీసే స్థితి వచ్చింది. వాళ్లను ఆదుకోవడానికి ప్రభుత్వం 1942లో కాఫీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం పండిన కాఫీని తోటదారు కాఫీ బోర్డు పూల్‌కు అప్పగించాలి. గ్రేడును బట్టి పాయింట్లు, పాయింట్లను బట్టి విడతలుగా డబ్బు. అమ్మడం బోర్డు పని. కష్టకాలంలో అది చిన్న రైతును నిలబెట్టింది, కాదనలేం. కాని పూల్‌లో పడ్డ గింజకు ఊరు పేరు ఉండదు. కొండ వాలున శ్రద్ధగా కోసిన పండూ, నిర్లక్ష్యంగా దూసిన కాయా ఒకే గ్రేడులో ఒకే గోనెలోకి చేరేవి. ఈ పద్ధతి సుమారు అరవై ఏళ్లకు కొంచెం తక్కువగా నడిచింది. 1990ల మొదట్లో కొంచెం కొంచెంగా సడలించి, 1996 నాటికి తోటదారులందరికీ తమ కాఫీ తామే అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చారు. అంటే మన దేశంలో తోట పేరుతో కాఫీ అమ్మడం ఇంచుమించు ముప్ఫై ఏళ్ల కిందటి సంగతి. పొట్లం మీద "వందేళ్ల తోట" అని చూసినప్పుడు తోటకు వందేళ్లు ఉండవచ్చు, ఆ పేరుకు మాత్రం ముప్ఫై ఏళ్లే అని గుర్తుపెట్టుకోండి.

రెండో కారణం మన కొండలది. చిక్కమగళూరు, కొడగుల్లో ఎస్టేట్ అంటే వందల ఎకరాలు, ఒక యజమాని, ఒక పల్పర్, ఒక కళ్లం. పేరు నిలబెట్టుకోవడం తేలిక. మన దగ్గర పరజ, గదబ, కొంధ్ కుటుంబాలకు ఉన్నది ఎకరం, రెండెకరాలు. ఒక ఇంటి పంట ఒకటి రెండు బస్తాలకు మించదు. దాన్ని విడిగా పల్పు చేసి, విడిగా ఎండబెట్టి, విడిగా అమ్మే స్తోమత ఆ ఇంటికి ఉండదు. సంతలో షావుకారుకు పచ్చికాయగానే అమ్మేస్తారు. షావుకారు పది ఊళ్ల కాయ కలుపుతాడు. అది లారీ ఎక్కి ఘాటీ దిగుతుంది. ఆ తర్వాత అది ఎవరి పేరుతో అమ్ముడవుతుందో ఎవరికీ తెలియదు.

2019లో రెండు మంచి పనులు జరిగాయి. ఆ మార్చిలో "అరకు వ్యాలీ అరబికా"కు కూర్గ్, వయనాడ్, చిక్కమగళూరు, బాబా బుడన్ గిరి కాఫీలతోపాటు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులో ప్రాంతం ఎలా రాశారో మనవాళ్లు చాలామంది గమనించలేదు. విశాఖపట్నం జిల్లా కొండలతోపాటు ఒడిశా ప్రాంతాన్ని కూడా చేర్చారు. ఎత్తు 900 నుంచి 1100 మీటర్లు. 1936లో రాష్ట్రాలు విడదీసిన కొండను 2019లో కాఫీ మళ్లీ ఒకటిగా రాసింది. అదే ఏడు ఒడిశా ప్రభుత్వపు గిరిజన సహకార సంస్థ "కోరాపుట్ కాఫీ" అన్న పేరుతో పొడిని మార్కెట్లోకి తెచ్చింది. సంతలో షావుకారు ఒక్కడే కొనే రోజు పోయి, కాయ పట్టుకుని పోవడానికి గిరిజన రైతుకు ఇంకో గుమ్మం తెరుచుకుంది.

ఒక కిలో పొడి వెనకున్న పని

ధర ఎందుకు ఎక్కువ అని అడిగినవాళ్ల కోసం ఈ లెక్క.

మార్చి, ఏప్రిల్లో ఒక మంచి జల్లు పడగానే కాఫీ కొమ్మలు తెల్లగా పూస్తాయి. మల్లెపూల వాసన. పూత నాలుగైదు రోజులకు మించి ఉండదు. అక్కడి నుంచి కాయ ముదిరి ఎర్రబడడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా కోత. చిక్కంతా ఇక్కడే. ఒకే కొమ్మ మీద పండు, దోర, పచ్చి మూడూ ఉంటాయి. మంచి కాఫీ కావాలంటే ఎర్రగా పండినది మాత్రమే వేళ్లతో తుంచాలి. మళ్లీ పదిరోజులకు అదే చెట్టు దగ్గరకు రావాలి. ఇలా మూడు నాలుగు విడతలు. కొమ్మను పట్టి ఒక్కసారే దూసేస్తే పని పావువంతు సమయంలో అయిపోతుంది. కాని పచ్చికాయ చేదు, వగరు మొత్తం బస్తాకు అంటుతుంది.

కోసిన పండును అదే రోజు పల్పర్‌లో వేసి పైతొక్క తీయాలి. గింజ చుట్టూ ఉండే బంకను ఒక రాత్రి, అవసరమైతే ఇంకొంతసేపు పులియబెట్టి కడగాలి. తర్వాత బల్లల మీదో, శుభ్రమైన కళ్లంలోనో పలచగా పరిచి, తిరగేస్తూ, తేమ పదకొండు శాతం దగ్గరకు వచ్చేదాకా ఎండబెట్టాలి. దీన్ని పార్చ్‌మెంట్ అంటారు. పొట్టు తీస్తే క్లీన్ కాఫీ. ఆరు కిలోల పండుకు సుమారు ఒక కిలో క్లీన్ కాఫీ వస్తుంది. వేపితే అందులోనూ ఆరో వంతు బరువు పోతుంది. అంటే చికోరీ కలపని ఒక కిలో పొడికి ఏడు కిలోలకు పైగా పండు కావాలి. ఒక్కొక్కటిగా తుంచిన పండు.

ఇప్పుడు సంతకు వద్దాం. సంతలో ఎర్రపండుకూ, దూసిన పచ్చికాయకూ ఒకే ధర పలికితే ఏ తల్లి మూడు విడతలు కొండ ఎక్కుతుంది? డిసెంబరులో చేతిలో డబ్బు లేక, ముందుగా తీసుకున్న అప్పుకు కాయ కొలవాల్సిన ఇంటివాళ్లు పండేదాకా ఎందుకు ఆగుతారు? కాఫీ రుచి చెడేది వేపుడులో కాదు, తరాజు దగ్గర. గిరిజనుడికి కోయడం రాదు అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. పండుకు ఒక ధర, పచ్చికి ఒక ధర అని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడి కొన్నచోట వాళ్లే ఎంత చక్కగా ఏరి తెస్తున్నారో కొండ అవతల అరకులో చూడవచ్చు. అక్కడి సహకార సంఘాల ద్వారా కొన్న కాఫీ పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. నేల అదే, మొక్క అదే, మనుషుల నైపుణ్యం అదే. తేడా కొనే పద్ధతిది.

నీడ, నీరు, పురుగు

"సస్టెయినబుల్" అన్న మాట కూడా ఇప్పుడు పొట్లాల మీద ఎక్కువైంది. మన కొండల వరకు దాని అర్థం మూడు విషయాల్లో ఇమిడిపోతుంది.

మొదటిది నీడ. మొదట్లో వేసిన నీడచెట్లలో ఎక్కువ సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, త్వరగా పెరుగుతుంది. దాని మీదికి మిరియం తీగ పాకిస్తే రెండో ఆదాయం. కలపకూ పనికొస్తుంది. ఆ చివరి గుణమే ప్రమాదం కూడా. చేతికి డబ్బు అవసరం పడ్డప్పుడు ముందు కన్ను పడేది దాని మీదే. నీడ పోయిన తోటలో ఎండ నేరుగా కాఫీ కాండం మీద పడుతుంది. అరబికాను చంపే తెల్ల కాండం తొలుచు పురుగు ఎండ తగిలే బెరడు మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అంటే నీడ కొట్టినవాడు మట్టినీ పోగొట్టుకుంటాడు, మొక్కనీ పోగొట్టుకుంటాడు. పనస, మామిడి, నేరేడు వంటి మన చెట్లు కలిసి ఉన్న తోటలో ఆకు రకరకాలుగా రాలి నేల బలపడుతుంది. పక్షులుంటాయి, పండు ఇంటికొస్తుంది. ఎవరూ తొందరపడి కొట్టరు.

రెండోది నీరు. పల్పింగ్ చేసిన నీళ్లు పులిసి ఆమ్లంగా మారతాయి. నేరుగా గెడ్డలో వదిలితే కింద ఊరికి తాగడానికి, చేపకు బతకడానికి పనికిరాని నీరవుతుంది. ఇంటికొక పల్పర్ పెట్టి నీళ్లు గెడ్డలోకి వదలడంకన్నా, నాలుగైదు ఊళ్లకు కలిపి తక్కువ నీటితో నడిచే ఎకో పల్పర్ ఒకటి ఉండడం మేలు. వాడిన నీటిని గుంటలో నిలిపి తేర్చాలి. తొక్కను ఎరువు చేసి మళ్లీ అదే తోటకు వేయాలి. డ్యాంలో మట్టి పడకూడదని వేసిన మొక్క చివరికి అదే నీటిని పాడుచేస్తే ఇక దాని కథకు అర్థం లేదు.

మూడోది పురుగు. ఇది వ్యాపారంలో ఉన్న మన సభ్యులు తప్పకుండా చదవాలి. కాఫీ కాయను తొలిచే పురుగు, బెర్రీ బోరర్, 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో దేశంలో మొదటిసారి కనిపించింది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని నల్లటి పురుగు. కాయ చివర సూదంత బెజ్జం చేసి లోపలికి వెళ్లి, గింజలోనే పిల్లలు పెడుతుంది. ఇన్నేళ్లు మన తూర్పు కనుమల వైపు రాలేదని ధీమాగా ఉన్నాం. 2025లో అరకు లోయలో కనిపించింది. మనకూ అరకుకూ మధ్య ఉన్నది ఒక చెక్‌పోస్టు మాత్రమే. పురుగు తనంతట తాను ఎక్కువ దూరం ఎగరలేదు. పచ్చికాయ బస్తాలో, వాడిన గోనెలో, లారీలో కూర్చుని వస్తుంది. అంటే దాన్ని తెచ్చేది వ్యాపారం, ఆపగలిగేదీ వ్యాపారమే.

అందుకని ఎండబెట్టని కాయను సరిహద్దు దాటించవద్దు. ఒక ప్రాంతంలో వాడిన గోనెను శుభ్రం చేయకుండా ఇంకో ప్రాంతానికి పంపవద్దు. కోత అయ్యాక చెట్టు మీద, చెట్టు కింద ఒక్క కాయ మిగలకుండా ఏరమని తోటవాళ్లకు చెప్పాలి. ఆ ఏరిన కాయకు కూడా ఎంతో కొంత ధర కట్టాలి. అనుమానం వస్తే కోరాపుట్‌లోని కాఫీ బోర్డు కార్యాలయానికి వెంటనే కబురు చేయాలి. దాచిపెడితే మిగిలేది ఒక సీజను లాభం, పోయేది కొండ మొత్తం.

మరి అనవచ్చా, అనకూడదా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. కోరాపుట్ కాఫీని సింగిల్ ఎస్టేట్ అనవచ్చా?

ఎస్టేట్ అంటే ఒక దొర, ఒక బంగళా అనుకుంటే అనకూడదు. అలాంటి పేరు పెట్టి బొమ్మ వేసి అమ్మితే అది కొన్నవాళ్లకు చెప్పే అబద్ధం. ఎస్టేట్ అంటే ఒకే కొండ, ఒకే గెడ్డ నీరు, ఒకే తీరు కోత, ఒకేచోట ఎండబెట్టిన గింజ అనుకుంటే, ఊరు ఊరంతా ఒక తోటే. ఇరవై ఇళ్ల ఎకరాలు కలిపితే ఒక చిన్న ఎస్టేట్ అవుతుంది. ఆ ఊరి పేరు పొట్లం మీద వేసి, ఆ ఊరి కాయ మాత్రమే అందులో నింపితే అది బంగళా తోట కాఫీకి ఏ మాత్రం తీసిపోని నిజమైన పేరు. మనకు కావలసిన మాట "ఒకే ఊరి కాఫీ". తెలుగులోనూ బాగుంది, నిజం కూడాను.

గిట్టుతుందా అని అడిగిన సోదరులకు మా మాట ఇది. పేరు అతికిస్తే గిట్టదు. పేరును నిలబెట్టే పని చేస్తే గిట్టుతుంది. పండుకు వేరే ధర, ఊరికి వేరే బస్తా, ఆ బస్తాకు ఒక చీటీ, చీటీ మీద ఊరు పేరు, కోసిన వారం. ఇంతే ఖర్చు. తరతరాలుగా ఈ సంతల్లో తూనిక, లెక్క, చిట్టా మన చేతిలో ఉన్నాయి. ఆ చిట్టాలో ఇంకో గడి పెంచడం మనకు కష్టం కాదు. ఎక్కువ వచ్చిన ధరలో కొంత కొండ ఎక్కితేనే నీడచెట్టు మీద గొడ్డలి పడదు. నీడ ఉంటేనే వచ్చే ఏడు కాఫీ ఉంటుంది.

కొనే సభ్యులకు కూడా ఒక మాట. పొట్లం వెనక చికోరీ శాతం చూడండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని చట్టం. చికోరీ తాగడం తప్పేమీ కాదు, మనలో సగం మంది నాలుకకు అదే అలవాటు. కాని సగం చికోరీ ఉన్న పొట్లానికి తోట పేరు చెప్పి మూడింతల ధర అడిగితే నిలదీయండి. ఏ ఊరిది, ఏ ఏడు పంట, కాయ ఎవరి దగ్గర కొన్నారు అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పలేని దుకాణం దగ్గర "సింగిల్ ఎస్టేట్" అన్నది అచ్చు వేసిన మాట మాత్రమే.

చివరిగా పెద్దలకు విన్నపం. మాచ్‌ఖండ్ క్యాంపులో ఉన్నవాళ్లు, 1960లలో భూసంరక్షణ శాఖలో పనిచేసిన కుటుంబాలు, ఆ రోజుల్లో కొండల మీద మొక్కలు నాటడం చూసినవాళ్లు మనలో ఇంకా కొందరున్నారు. ఏ కొండ మీద మొదట వేశారు, నాటిన కూలీలు ఏ ఊళ్లవాళ్లు, రోజుకు ఎంత ఇచ్చారు, మొదటి కాపు ఎవరు కొన్నారు, ఇవన్నీ మీకు గుర్తున్నంత వరకు చెప్పండి. మీ మనవల చేత రాయించి సంఘానికి ఇవ్వండి. ఈ కొండలకు కాఫీ తెచ్చిన రాజు పేరు పుస్తకాల్లో ఉంది. మట్టిని పట్టి నిలిపిన చేతుల పేర్లు మాత్రం మీ జ్ఞాపకంలోనే ఉన్నాయి.